ఊళ్లోని ప్రభుత్వ ప్రాథమిక బడిని బాగుచేసుకోవడం ఎలా?

బడి బాగుచేద్దామనగానే చాలామంది రంగుల డబ్బాతో మొదలుపెడతారు. గోడలు మెరుస్తాయి, ఫోటోలు బాగా వస్తాయి, పిల్లల చదువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. రంగుల సంగతి చివరికి వదిలేయండి.

1. ముందు చదువు చూడండి. హెచ్‌ఎంకి (హెడ్‌మాస్టర్‌కి) చెప్పే వెళ్లండి, తనిఖీకి వచ్చినట్టు ఉండకూడదు. మూడో తరగతి పిల్లాడికి తెలుగు వాచకం ఇచ్చి చదవమనండి. గడగడా చదివేశాడని సంబరపడొద్దు. పాఠం మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి 'ఇదేంటి నాన్నా?' అని అడగండి. మళ్లీ మొదటి వాక్యం నుంచి అందుకున్నాడంటే, వాడు చదవట్లేదు, అప్పజెబుతున్నాడు. గుణింతాల దగ్గర ఆగుతున్నాడా, ఒత్తుల దగ్గరా అన్నది రాసుకోండి.

2. టీచర్ల లెక్క తీయండి. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు టీచర్లు ఉండాలి. ఇద్దరున్నా తరగతులు అయిదు! ఒకరు సెలవు పెడితే, రెండోవారు ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూనే అయిదో తరగతికి భాగహారాలు చెప్పాలి. అలాంటి చోట రోజూ ఒక గంట సేపు ఎవరిది ఏ తరగతి అన్నది పక్కనపెట్టి, ఎవరు ఎంత చదవగలరో దాన్నిబట్టి పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టమని అడగండి. పైసా ఖర్చులేదు. నన్నడిగితే అన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే.

3. కమిటీలో కూర్చోండి. పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలి, సగం మంది మహిళలు కావాలి. బడి అభివృద్ధి ప్రణాళిక రాసేది వీళ్లే. కానీ కొన్నిచోట్ల మీటింగ్ జరగదు, రిజిస్టరే ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చుకుంటుంది. కూలికి వెళ్లే తల్లులు రాగలిగేలా సాయంత్రం పెట్టించండి.

4. మరుగుదొడ్డి ఉందా అని కాదు, నీళ్లున్నాయా, లోపల గడియ పడుతోందా అని చూడండి. లేకపోతే ఆడపిల్లలు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగకుండా బిగబట్టుకుని కూర్చుంటారు. ఆ మాట సార్‌తో చెప్పుకోలేరు, మీటింగ్‌లో అమ్మలే ఎత్తాలి.

5. అర్జీ లెక్కలతో రాయండి. 'వసతులు లేవు' అంటే ఎవరికీ పట్టదు. '82 మంది పిల్లలు, ఇద్దరే టీచర్లు, మూడోవారు కావాలి' అని రాసి, కమిటీ తీర్మానం జతచేసి, ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. దాన్ని రిజిస్టర్‌లో అంటించండి. హెచ్‌ఎం బదిలీ అయినా కాగితం బడిలోనే ఉంటుంది.