వీడియో ఆపి, చూడకుండా రాయండి

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్ కోర్సులలో చేరుతున్న మన తెలుగువారికి ఒక సూచన. పది నిమిషాలకొకసారి వీడియో ఆపి, తెర వైపు చూడకుండా, విన్నదానిని సొంత మాటలలో నాలుగు వాక్యాలుగా రాసుకొని, ఆ తరువాతనే వెనక్కి వెళ్లి తప్పులు సరిచూసుకోండి. ఉదాహరణకు, డేటాబేసు నుంచి సమాచారం అడిగే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో లెఫ్ట్ జాయిన్ (మొదటి పట్టిక వరుసలన్నీ ఉంచి, రెండో పట్టికలో సరిపోలినవి వాటికి చేర్చడం) పాఠం విన్నాక రెండు చిన్న పట్టికలు చేత్తో గీసి, ఏయే వరుసలలో నల్ (విలువ లేదనే గుర్తు) వస్తుందో ముందే రాసి, అప్పుడు క్వెరీ నడిపి పోల్చుకోండి. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారికంటే జ్ఞాపకం నుంచి రాసినవారికే వారం తరువాత ఎక్కువ గుర్తున్నదని మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాలలో తేలింది. మెట్రోలో నిలబడి రెట్టింపు వేగంతో విన్నదానిని నేనైతే చదువు లెక్కలో వేయను.

ఐఐటీలు, ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కలిసి 2003లో ప్రారంభించిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితమే. అయినా, సర్టిఫికెట్ అక్కరలేకపోయినా, రుసుము కట్టి పరీక్షకు నమోదు చేసుకోవడం మేలు, ఎందుకంటే గడువు లేని కోర్సును మధ్యలోనే వదిలేయడం సులువు.

నోట్సును మాత్రం కోర్సు వేదికలోనే వదిలేయకుండా కాగితం మీదనో, సాదా టెక్స్ట్ ఫైలులోనో ఉంచుకోండి. 2020 డిసెంబరు 31తో బ్రౌజర్లలో కదిలే బొమ్మలు, వీడియోలు చూపే ఫ్లాష్ సాఫ్ట్‌వేరుకు దాని సంస్థ అడోబీ మద్దతు ఆగిపోయినప్పుడు, దానిపై తయారైన పాఠాలు ఎన్నో బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి.