బంగారం ఎర్రగా, వెండి పసుపుగా: ల్యాబ్‌లో చేసి చూడండి

బంగారాన్ని 15–20 నానోమీటర్ల (నానోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో పది లక్షలో వంతు) రేణువులుగా చేసి నీళ్లలో తేలనిస్తే కెంపులా ఎర్రగా కనిపిస్తుంది. ఫారడే ఈ ఎర్ర ద్రావణం గురించి 1857లోనే రాశాడు. కెమిస్ట్రీ ల్యాబ్, పక్కన తెలిసినవాళ్లు ఉంటే ఒక పూటలో మీరూ చేయొచ్చు.

ముందు గాజు సామాను, ఎందుకంటే పని ఎక్కువగా చెడేది ఇక్కడే. పాత మరక కొంచెం ఉన్నా రేణువులు దానికే అంటుకుని పెరిగిపోతాయి. ఆక్వా రీజియాతో (3 పాళ్లు హైడ్రోక్లోరిక్, 1 పాలు నైట్రిక్) ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువుల్ని బయటికి లాగేసే గూడు), గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని కడిగి, డిస్టిల్డ్ వాటర్‌తో చాలాసార్లు జాడించండి. మిగిలిన ఆమ్లాన్ని సీసాలో పోసి మూత బిగించొద్దు, లోపల గ్యాస్ పుట్టి సీసా పేలుతుంది.

తర్వాత 1 మిల్లీమోలార్ (గాఢత కొలత) క్లోరోఆరిక్ ఆమ్లం, అంటే బంగారం కరిగి ఉన్న ద్రావణం, 20 మి.లీ. తీసుకుని, కలుపుతూ మరిగించండి. బాగా మరుగుతున్నప్పుడు 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 2 మి.లీ. ఒకేసారి పోసేయండి, కరిగిన బంగారాన్ని రేణువులుగా మార్చేది ఇదే. లేత పసుపు పోయి నీళ్లలా అవుతుంది, ఆ తర్వాత నల్లగా మారుతుంది. పాడైపోయిందని చాలామంది స్టవ్ ఆపేసేది అప్పుడే, కానీ టెన్షన్ పడకండి, పది నిమిషాల్లోపే ఎరుపు వస్తుంది. నాకైతే ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఎందుకు ఎరుపు? రేణువులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు వెలుతురుతో పాటు అన్నీ కలిసి ఊగుతాయి, బంగారంలో ఆ ఊపు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే ఆకుపచ్చలో, అన్నిటికన్నా బలంగా ఉంటుంది. ఆకుపచ్చను రేణువులు మింగేస్తే మనకు మిగిలేది ఎరుపు. వెండిలో అది 400 దగ్గర, అక్కడ ఊదా పోయి పసుపు మిగులుతుంది. బంగారంలో లోపలి ఎలక్ట్రాన్లు కూడా నీలం వైపు కాంతిని పీల్చి ఆ ఊపును కొంత నీరసపరుస్తాయి, వెండిలో ఆ పీల్చడం అతినీలలోహితంలో గానీ మొదలవదు. అందుకే ఏ కాంతిని ఎంత మింగిందో చూపే గ్రాఫ్‌లో వెండి పీక్ (శిఖరం) సన్నగా, ఎత్తుగా వస్తుంది. అయినా మొదటిసారి బంగారమే చేయండి, వెండి గాలికి త్వరగా పాడవుతుంది.

ఇప్పుడు కొంచెం ద్రావణం వేరే గొట్టంలో పోసి ఉప్పునీళ్లు కలపండి. సిట్రేట్ ఇచ్చిన రుణావేశం వల్లే రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడిగా ఉన్నాయి, ఉప్పు దాన్ని కప్పేయగానే గుంపు కడతాయి, ఎరుపు నీలమైపోతుంది. ఆ గ్రాఫ్ గీసే స్పెక్ట్రోమీటర్‌లో పెడితే 600 నానోమీటర్లు దాటాక కొత్త ఉబ్బు కనిపిస్తుంది. ఉప్పు వేయకుండానే ఆ ఉబ్బు వచ్చిందా, గాజు సామాను మళ్లీ కడిగి మొదలుపెట్టండి.