చలికాలం క్యాంపింగ్‌కు మోటర్‌హోమ్ కొంటున్నారా? ముందు బండి కింద చూడండి

మోటర్‌హోమ్ (లోపలే పడక, వంటగది ఉండే బండి) చూడ్డానికి వెళ్తే చాలామంది ముందు సోఫాలు, వంటగట్టు చూస్తారు. నేను టార్చ్ పట్టుకుని బండి కిందకి దూరతాను. నీళ్ల ట్యాంకులు, పైపులు ఎక్కడున్నాయన్నదే అసలు సంగతి. మా మొదటి బండిలో వాడేసిన మురికినీళ్లు చేరే ట్యాంకు అడుగున బయటికి వేలాడుతూ ఉండేది. ఓ రాత్రి చలి మైనస్ 8 డిగ్రీలకు దిగింది. తెల్లారి వాల్వ్ తిప్పబోతే గడ్డకట్టిన పిడి చేతిలోకి ఊడొచ్చింది.

అందుకే డబుల్ ఫ్లోర్ బండి వెతకండి. ట్యాంకులు, పైపులు రెండు నేలల మధ్య ఉంటాయి, హీటర్ వేడి వాటికీ తగలాలి. అమ్మేవాళ్ల మాట మీద ఆగిపోకండి. అరగంట హీటర్ వేయించి, నేల మూత తీసి లోపల చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితేనే బేరం మాట.

హీటర్‌కు, పొయ్యికి వాడే గ్యాస్ ప్రొపేనే కావాలి. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, ప్రొపేన్ మరిగేది మైనస్ 42 దగ్గర. లిథియం బ్యాటరీ అయితే వెచ్చగా ఉండే లోపలి భాగంలోనే ఉండాలి, గడ్డకట్టే చలిలో చార్జ్ చేస్తే పాడవుతుంది. కిటికీలకు రెండు పొరల అద్దాలు తప్పనిసరి.

పాత బండైతే పరుపు ఎత్తి చూడండి. మన ఊపిరిలోని తేమంతా చల్లటి మూలల్లోనే చేరుతుంది. అక్కడ నల్లటి బూజు మచ్చలు కనిపిస్తే నేను ఆ బండి వదిలేస్తాను. గ్యాస్ సరిగా మండకపోతే వచ్చే, వాసన లేని విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం లేకపోతే మాత్రం, మొదటి రాత్రి పడుకునేలోపే కొని బిగించండి.