పిల్లలకు దేవుని వాక్యం ఇంట్లోనే నేర్పండి

నేను సండే స్కూల్ టీచర్ని. అయినా తల్లిదండ్రులకు ఎప్పుడూ ఒకటే చెప్తాను: ఆదివారం మా దగ్గర గడిపే ఆ కాస్త సమయం మీదే భారం వేయకండి. ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో వాక్యం మాట్లాడమని బైబిల్లో ద్వితీయోపదేశకాండము 6:7 చెప్పింది కన్నవాళ్లకే. తన శిష్యుడు తిమోతి విశ్వాసం ఎక్కడిదో రాస్తూ అపొస్తలుడు పౌలు కూడా అతని అవ్వ లోయినీ తల్లి యునీకేనీ తలచుకున్నాడు.

ముందు కుటుంబ ప్రార్థన అలవాటు చేయండి. రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు చాలు. టీవీ ఆపేయండి, పెద్దవాళ్ల ఫోన్లు కూడా పక్కగదిలో ఉండాలి. మా ఇంట్లో మార్కు సువార్తతో మొదలుపెట్టాం. 16 అధ్యాయాలే, కథ చకచకా సాగుతుంది. రోజుకు ఒక సంఘటన చదవండి. చదవడం వచ్చిన పిల్లల చేతే చదివించండి, తడబడితే తొందరపెట్టొద్దు. తర్వాత రెండే ప్రశ్నలు: యేసు ఇక్కడ ఏం చేశాడు? నువ్వు అక్కడుంటే ఏం చేసేదానివి? జవాబు వింతగా ఉన్నా వెంటనే దిద్దకండి. తుఫానులో యేసు నిద్రపోయిన భాగం చదివిన రాత్రి మా చిన్నమ్మాయి, "అందరూ భయపడుతుంటే ఆయనకు పట్టలేదా?" అని అడిగింది. పడవలో శిష్యులు అడిగిందీ అదే! ఆ వచనం తనతోనే మళ్లీ చదివించాను. ఎంత సంతోషపడిందో.

ప్రార్థన చిన్నగా ఉండనివ్వండి. ఒక కృతజ్ఞత, ఒక క్షమాపణ, పేరు చెప్పి ఇంకొకరి కోసం ఒక మనవి.

అబద్ధం చెప్పి దొరికిపోయిన పిల్లవాణ్ణి "దేవుడు శిక్షిస్తాడు" అని బెదిరించకండి. నాకు ఈ మాట అస్సలు నచ్చదు. తప్పు చేసిన రోజే దేవుని దగ్గరికి రావాలి కదా, ఆ రోజే దూరంగా పారిపోవడం నేర్పుతుంది. ముందు నిజం వాడి నోటితోనే చెప్పించండి. తర్వాత నష్టం సరిచేయించండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య కూడా యేసును కలిశాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. పక్కింటి పిల్లవాడి బొమ్మ విరగ్గొడితే వాడితోపాటు మీరూ వెళ్లండి, కానీ క్షమాపణ వాడే అడగాలి. అది అయ్యాక కలిసి ప్రార్థించి అక్కడితో వదిలేయండి. చుట్టాల ముందు మళ్లీ తీయకండి.

అలాగని అన్నిటికీ ఊరుకోమని కాదు. కొడుకులు చెడిపోతున్నారని తెలిసీ అడ్డుకోలేదని యాజకుడు ఏలీ మీద దేవుడు తీర్పు చెప్పాడు. అదే బైబిల్లో ఎఫెసీ 6:4 పిల్లలకు కోపం రేపొద్దని తండ్రులకు చెప్తుంది. ఈ రెండూ కలిపి పాటించడమే కష్టం. కాబట్టి నియమాలు కొన్నే పెట్టండి, వాటిని మాత్రం రోజుకో రకంగా మార్చకండి. కోపం మీద ఉన్నప్పుడు శిక్ష నిర్ణయించొద్దు. అన్యాయంగా తిట్టారనిపిస్తే "నాదే తప్పు, క్షమించమ్మా" అని సూటిగా అడగండి.

టీనేజ్‌లో "దేవుడు నిజంగా ఉన్నాడా?" అనే ప్రశ్న వస్తే టెన్షన్ పడకండి, "అలా అడగకూడదు" అని నోరు మూయించకండి. తాను తిరిగి లేచాడంటే నమ్మని శిష్యుడు తోమాను యేసు వెళ్లగొట్టలేదు, గాయాలు చూపించాడు. మీకు జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి. పాస్టరుగారిని అడగండి, వాక్యంలో వెతకండి, ఆ వారంలోపే ఆ మాట మళ్లీ మీరే ఎత్తండి.