పదమూడు చుక్కల మనిషి: ఎదుటివాళ్ల కదలికను మెదడు ఎలా చదువుతుందో ఇంట్లోనే చూడండి

మొహం, బట్టలు, ఒంటి ఆకారం ఏవీ కనబడకపోయినా, కీళ్ల దగ్గర పది పన్నెండు చుక్కలు కదిలితే చాలు, నడుస్తున్నది మనిషేనని మెదడు పట్టేస్తుంది. స్వీడన్‌లోని ఉప్సలాలో గున్నార్ యొహాన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1973లో ఈ సంగతి ప్రచురించాడు. ఒక ఫోన్ ఉంటే మీరూ చేసి చూడొచ్చు.

బండ్లకు అంటించే రేడియం టేపు, ఒంటికి అతుక్కునే నల్ల బట్టలు, నల్ల మేజోళ్లు తెచ్చుకోండి. టేపును 3 సెం.మీ. ముక్కలుగా కత్తిరించి తల, భుజాలు, తుంటి రెండు వైపులా అంటించండి. మోచేతులు, మణికట్లు, మోకాళ్లు, చీలమండలకు మాత్రం పట్టీలా చుట్టూ తిప్పాలి. లేకపోతే చెయ్యి కాస్త తిరగ్గానే చుక్క మాయమవుతుంది. వదులు బట్టలైతే చుక్క కీలుతో కాక గుడ్డతో ఊగుతుంది, బొమ్మ చెడుతుంది.

గది చీకటి చేసి, ఫోన్ టార్చి వెలిగించి, నాలుగు మీటర్ల దూరం నుంచి వీడియో తీయండి. వెలుతురు వచ్చిన వైపుకే తిరిగి పంపడం ఈ టేపు గుణం. అందుకే టార్చి లెన్సు పక్కనే ఉండాలి, పక్కవాళ్ల చేతిలో ఉంటే లాభం లేదు. ఎక్కువమంది బోల్తా పడేది ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) దగ్గర: చీకటి చూసి ఫోన్ తనంతట తానే వెలుగు పెంచేస్తుంది. తెర మీద వేలు నొక్కి లాక్ చేసి, మనిషి కనబడకుండా పోయేదాకా తగ్గించండి. ఆ తర్వాత అడ్డంగా నడవమనండి.

చూసేవాళ్లకు ముందుగా ఏమీ చెప్పకండి. మొదట ఆపి ఉంచిన ఫ్రేమ్ చూపిస్తే చెల్లాచెదురు చుక్కలే. ప్లే నొక్కగానే మనిషి! యొహాన్సన్ ప్రయోగాల్లో సెకనులో ఐదోవంతు సరిపోయింది. అదే వీడియోను తలకిందులు చేస్తే చాలామంది తడబడతారు. చుక్కలూ వేగాలూ అవే, కానీ భూమి ఆకర్షణకు లోబడి కదిలే శరీరం మెదడుకు అలవాటైన తీరులో లేదు. ఈ పనిలో చెవికి పైన, కాస్త వెనగ్గా, మెదడు ముడతల మధ్య ఉన్న టెంపోరల్ గాడి ముఖ్యం. అన్నీ మిర్రర్ న్యూరాన్ల (ఒక పని మనం చేసినా, ఇతరులు చేస్తుంటే చూసినా స్పందించే నాడీకణాల) ఖాతాలో వేయడం అతి.

అసలు రుచి బరువులెత్తించడంలో ఉంది. 20 లీటర్ల నీళ్ల క్యాను ఖాళీది, సగం నిండినది, పూర్తిగా నిండినది విడివిడిగా ఎత్తించి, ఏది ఎంత బరువో అడగండి. తర్వాత ఖాళీ క్యాన్‌ను బరువైనట్టు నటిస్తూ ఎత్తమనండి. ఇలాంటి నటనను చూసేవాళ్లు పసిగట్టగలరని రూనెసన్, ఫ్రైఖోల్మ్ అనే పరిశోధకులు 1983లో చూపించారు. నిజంగా బరువుంటే నడుము వెనక్కి వాలక తప్పదు, ఖాళీ క్యాన్‌తో అలా వాలితే వెనక్కి తూలిపోతారు.