పాత కంప్యూటర్ రోజూ పొద్దున తేదీ మరిచిపోతుంటే

అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపు నడిపే మిత్రుడొకరు ఫోన్ చేశాడు. "అన్నా, సిస్టమ్ రోజూ ఎఫ్1 నొక్కమంటాది. నొక్కితే ఆన్ అవుతాది. కానీ ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదంటాది." నెట్ కనెక్షన్‌లో ఏ లోపమూ లేదు. తేదీ ఇరవై ఏళ్లు వెనక్కి పోయింది. సైట్ల సర్టిఫికెట్లు తేదీని బట్టే చెల్లుతాయి కాబట్టి బ్రౌజర్ వాటిని నమ్మలేదు.

స్క్రీన్‌పై "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్", తేదీ తప్పు

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్ అయిపోయింది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేదీ, సీమాస్ అనే చిన్న మెమరీలో బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు కాపాడేదీ అదే. పెంటియం 4 కాలం బోర్డులకు ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు, సిస్టమ్ ఆపినా, స్టాండ్‌బై వోల్టేజీ అందుతుంది కాబట్టి సెల్ మీద భారం పడదు. మనమేమో రాత్రి గోడ స్విచ్ ఆపి వెళ్తాం, పైగా పవర్ కట్‌లు. అందుకే మధ్యాహ్నం రీస్టార్ట్ చేస్తే టైమ్ సరిగానే ఉండి, పొద్దునకి తప్పుతుంది. ఈ తేడా కనిపిస్తే అనుమానం సెల్ మీదే.

ముందు బయోస్ పేజీలన్నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తర్వాత ప్లగ్ పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచండి. హోల్డర్ పక్కనున్న క్లిప్‌ను వేలితో జరిపితే సెల్ లేస్తుంది. మల్టీమీటర్‌లో కొత్తది 3 వోల్టుల పైన చూపాలి, పాతది 2.7 కంటే తక్కువుంటే పారేయండి. ప్లస్ గుర్తు సాధారణంగా పైకి ఉంటుంది, అయినా హోల్డర్ మీద చూసుకోండి.

కొత్త సెల్ వేసినా అదే గోలైతే, దగ్గర్లోని "క్లియర్ సీమాస్" జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) క్లియర్ వైపు ఉండిపోయిందేమో చూడండి. నేనొకసారి రెండు సెల్స్ దండగ చేశాక గానీ అటు చూడలేదు.

386, 486 బోర్డు మీద ఆకుపచ్చటి పొక్కులు, కీబోర్డు పని చేయదు

అసలు ప్రమాదం ఇక్కడుంది. 386, 486 అంటే పెంటియంకు ముందు కాలం ప్రాసెసర్లు. ఆ బోర్డుల్లో చాలావాటికి 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ, చిన్న పీపాలా, బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది. ఏళ్లు గడిచాక అది కారి రాగి గీతల్ని తినేస్తుంది. కీబోర్డు చిప్, సాకెట్ తరచూ దాని పక్కనే ఉంటాయి కాబట్టి ముందు దెబ్బతినేది అవే. మూలన పెట్టిన బోర్డు వాడకపోయినా పాడవుతుంది. అందుకే బ్యాటరీ బాగున్నట్టు కనిపించినా కత్తిరించి తీసేయడమే నా సలహా.

ఇన్వర్టర్ బ్యాటరీ అలవాటుతో దీనికీ వంటసోడా నీళ్లు వేసేవాళ్లున్నారు. ఇన్వర్టర్‌లో ఉండేది ఆమ్లం, ఇక్కడ కారేది క్షారం. సోడా పనికిరాదు. చేతికి గ్లోవ్స్ వేసుకుని, వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కొద్దిగా అద్ది పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. తర్వాత శుభ్రమైన నీటితో, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మన ఎండలో నేరుగా పెట్టొద్దు, ఫ్యాన్ గాలి చాలు. మల్టీమీటర్ బీప్‌తో గీతలు పరీక్షించి, తెగినచోట సన్నటి వైరు సోల్డర్ చేయండి.

పాత బ్యాటరీ చోట సీఆర్2032ను నేరుగా పెట్టకూడదు. బోర్డు పాతదాన్ని ఛార్జ్ చేసేది. ఈ లిథియం సెల్ ఛార్జింగ్‌ను తట్టుకోదు, పగలొచ్చు. మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్5817 డయోడ్ పెట్టాలి. బోర్డు మీద నాలుగు పిన్నుల ఎక్స్‌టర్నల్ బ్యాటరీ కనెక్టర్ ఉంటే ఇంకా సులువు: మూడు ఏఏ సెల్స్ హోల్డర్‌ను దానికి కలిపి, జంపర్‌ను ఎక్స్‌టర్నల్‌కు మార్చండి. ప్లస్, మైనస్ మాత్రం మాన్యువల్ చూసే కలపండి. హోల్డర్‌ను బోర్డుకు దూరంగా, క్యాబినెట్ గోడకు అంటించండి; ఇవి కారినా బోర్డుకు తగలదు.

బ్యాటరీయే కనిపించక, డల్లాస్ అని రాసిన నల్లటి పెట్టెలాంటి చిప్ ఉంటే సెల్ దాని లోపలే ఉంది. కొత్త మాడ్యూల్ దొరికితే మార్చడమే మేలు.

అంతా అయ్యాక బయోస్‌లో తేదీ, టైమ్, హార్డ్ డిస్క్ వివరాలు పెట్టి సేవ్ చేయండి. పాత డిస్కులకు సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్య డిస్క్ లేబుల్ మీదే ఉంటుంది. రాత్రికి గోడ స్విచ్ ఆపేసి, పొద్దున బయోస్‌లో టైమ్ చూడండి.