సర్వర్-స్టేటస్ అడిగితే వర్డ్‌ప్రెస్ 404 వస్తోందా?

ఉబుంటులో అపాచీ వెబ్ సర్వర్‌కి స్టేటస్ మాడ్యూల్ (సర్వర్ ఇప్పుడేం చేస్తోందో సర్వర్-స్టేటస్ అనే పేజీలో చూపించేది) మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. అయినా సర్వర్ లోపల్నుంచే కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీలు తెచ్చే టూల్) సర్వర్-స్టేటస్ అడిగితే వర్డ్‌ప్రెస్ 404 పేజీ వచ్చింది. తప్పు మాడ్యూల్‌ది కాదు, సైట్ ఫోల్డర్‌లో అపాచీ సెట్టింగులు ఉండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌ది. ఆ పేరుతో డిస్క్ మీద ఫైలూ ఫోల్డరూ లేవు కదా, అందులో వర్డ్‌ప్రెస్ రాసుకున్న రీరైట్ రూల్ (అడిగిన అడ్రస్‌ని వేరే ఫైల్‌కి మళ్ళించేది) దాన్ని పట్టుకెళ్ళి వర్డ్‌ప్రెస్ ఇండెక్స్ పీహెచ్‌పీకి అప్పజెప్పేస్తోంది.

వర్డ్‌ప్రెస్ బ్లాక్ మొదలయ్యే కామెంట్‌కి పైన రెండు లైన్లు రాశాను: ఒకటి రీరైట్ ఇంజిన్ ఆన్; రెండోది రీరైట్‌రూల్, ప్యాటర్న్‌లో ముందు స్లాష్ లేకుండా సర్వర్-స్టేటస్, టార్గెట్‌గా ఒట్టి హైఫన్ (అడ్రస్ మార్చొద్దని), చివర బ్రాకెట్లో ఎల్ ఫ్లాగ్ (తర్వాతి రూల్స్ చూడొద్దని). రీస్టార్ట్ అక్కర్లేదు. ఇవే లైన్లు బ్లాక్ లోపల పెడితే మాత్రం ఎవరైనా పెర్మాలింక్స్ (పోస్టుల లింకుల సెట్టింగ్) సేవ్ చేసిన రోజే ఎగిరిపోతాయి.

అసలు ప్రమాదం వేరే ఉంది. అదే మెషీన్‌లో ముందు ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్టులు తీసుకుని అపాచీకి అందించే సర్వర్) ఉంటే అపాచీకి అందరూ 127.0.0.1 నుంచి, అంటే ఆ మెషీన్ నుంచే, వచ్చినట్టే కనిపిస్తారు. స్టేటస్ పేజీని ఆ మెషీన్‌కే పరిమితం చేయాల్సిన 'రిక్వైర్ లోకల్' ఊరందరికీ తలుపు తీసేస్తుంది. ఎవరు ఏ యూఆర్ఎల్ అడుగుతున్నారో బయటికి కనబడుతుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఆ లొకేషన్‌కి 'డినై ఆల్' పెట్టి, రీలోడ్ చేశాక మొబైల్ డేటా మీద తెరిచి చూశాను: 403, అంటే అనుమతి లేదు.

మానిటరింగ్ స్క్రిప్ట్‌కి యూఆర్ఎల్ చివర ప్రశ్నార్థకం, ఆటో అని తగిలిస్తే చాలు. బిజీవర్కర్స్ (పనిలో ఉన్నవెన్ని), ఐడిల్‌వర్కర్స్ (ఖాళీగా ఉన్నవెన్ని) లైనుకొకటిగా వస్తాయి.